అన్నయ్య వద్దన్న బండి

మోకాలి ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ రెండే మాటలు చెప్పింది. మెట్లు ఎక్కొచ్చు, కొండలు ఎక్కకూడదు. పరదేశంలో, కొండల పక్కనున్న బాతెల్ ఊళ్లో ఇల్లు పెట్టుకున్నవాడితో అనాల్సిన మాటేనా అది? కిటికీ తీస్తే కొండలే కనిపిస్తాయి మాకు.

అందులోనూ నాకు ఏడేళ్లుగా వేట అలవాటు. ఏటా చలి మొదలయ్యే రోజుల్లో కొండలు దాటి తూర్పు వైపు వెళ్లి, గుర్రమంత ఉండే ఎల్క్ జింక కోసం నాలుగు రోజులు గుడారంలో ఉండేవాళ్లం, నేనూ అన్నయ్యా. అన్నయ్య అంటే తోడబుట్టినవాడు కాదు. పాత ఆఫీసులో నా పక్క సీటు, నాకంటే ఆరేళ్లు పెద్ద. రైఫిల్ పట్టుకోవడం, గాలి ఎటు వీస్తోందో చూసుకోవడం, మాట్లాడకుండా మూడు గంటలు కూర్చోవడం నేర్పింది ఆయనే. ఆ నాలుగు రోజుల కోసమే మిగతా ఏడాదంతా మీటింగుల్లో కూర్చునేవాణ్ని.

కూర్చుని వెళితే ఫర్వాలేదా అని డాక్టరమ్మని అడిగాను. నిదానంగా వెళితే ఫర్వాలేదంది. అయితే నాకూ ఒక ఏటీవీ కావాలి. మోటార్ సైకిల్‌లా పైన కూర్చుని నడిపే నాలుగు చక్రాల బండి అది, ముందూ వెనకా సామాను కట్టుకునే ఇనుప రాక్‌లుంటాయి. అన్నయ్యకి ఎప్పటినుంచో ఒకటుంది. నాకు కొత్తది అక్కర్లేదు, గట్టిగా ఉన్న పాతది చాలు. చూసిపెట్టమని అడిగితే, "నువ్వు కంగారు పడకు తమ్ముడూ, నేనున్నాగా. వేట సీజన్‌లోపు నిన్ను బండెక్కిస్తా" అన్నాడు.

మనవాళ్లు పాత బండి కొనే పద్ధతి అచ్చం పెళ్లిచూపుల్లా ఉంటుంది. తెలిసిన పెద్దమనిషిని వెంటబెట్టుకెళ్తాం. ఆయన చూస్తాడు, అడుగుతాడు, బేరమాడతాడు. కొనేవాడు చేతులు కట్టుకుని పక్కన నిలబడతాడు. ఆయన ముందు నేను ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూస్తే ఆయన్ని నమ్మనట్టే లెక్క. నచ్చకపోయినా అక్కడ చెప్పం, ఇంటికెళ్లి ఫోన్ చేస్తామంటాం.

మొదటి బండిలో ఆయిల్ పుల్ల తీసి చూపించాడు. నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలు పోసిన టీలా ఉంది. ఎప్పుడో నీళ్లలో మునిగిన బండి అన్నాడు. నిజమే. రెండోదానికి ఛాసిస్ విరిగితే వెల్డింగ్ చేసి, దానిమీద కొత్తగా పెయింట్ కొట్టారు. అదీ ఆయనే పట్టాడు. ఇంటికొచ్చి మా ఆవిడతో, అన్నయ్య లేకపోతే నిలువునా మునిగేవాణ్నని చెప్పాను. పై శనివారం నుంచి ఆవిడ మా ఇద్దరికీ పులిహోర కట్టివ్వడం మొదలుపెట్టింది.

మూడు, నాలుగు, అయిదు. ఒకదానికి టైర్లు అరిగాయన్నాడు. ఒకటి బాగా ఎత్తు, నీ మోకాలికి పనికిరాదన్నాడు. అయిదోదానికి రంగు బాలేదన్నాడు. వంక లేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందట. నాకు అప్పుడైనా అనుమానం రావాలి. రాలేదు. పెద్దవాడు కాబట్టి నిక్కచ్చిగా ఉన్నాడని మురిసిపోయాను.

ఆరోది కొండల అవతల ఎలెన్స్‌బర్గ్ ఊరి దగ్గర, గడ్డి పండించుకునే ఒక ముసలావిడది. భర్త పోయాక నడిపేవాళ్లు లేక అమ్ముతోంది. మీరొచ్చేదాకా స్టార్ట్ చేయలేదు, చల్లగా ఉన్నప్పుడే ఇంజన్ సంగతి తెలుస్తుందని మా ఆయన అనేవాడు అంది. మీట నొక్కగానే అందుకుంది. సీటు చిరిగిన చోట ఎర్ర టేపు అంటించి ఉంది తప్ప బండికి పేరు పెట్టడానికి లేదు. అన్నయ్య ముందు చక్రం పట్టుకుని అటూ ఇటూ ఊపి, తెలుగులో "బేరింగ్ పోయింది" అన్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. రెండు నెలలుగా చదివి, వీడియోలు చూసి, బేరింగ్ పోతే చక్రం ఎలా కదులుతుందో నాకూ తెలుసు. ఆ చక్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అయినా నోరు విప్పలేదు. ఆయన కళ్ల కంటే నా కళ్లు ఎక్కువా అనుకున్నాను.

సీజన్ వచ్చింది. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, ఈసారి నేనూ వెళ్లడం లేదు, వచ్చే ఏడాది ఇద్దరం కలిసే వెళదామన్నాడు అన్నయ్య. నాకోసం ఆగిపోతున్నాడేమోనని నేనే బాధపడ్డాను, చూడండి నా తెలివి.

తర్వాత మూడు వారాలకి మా ఇద్దరికీ తెలిసిన ఒక కుర్ర స్నేహితుడి ఇంట్లో భోజనాలు. తూర్పు తీరాన పార్సిప్పనీ నుంచి అతను ఇటు మారి ఏడాది అయింది. మారథాన్లు పరిగెత్తే మనిషి, మంచివాడు. మా ఇళ్లలో నీచు వంట గ్యారేజ్‌లోనే, లేకపోతే ఇల్లంతా వాసన. సాయం చేద్దామని గ్యారేజ్‌లోకి వెళితే అతను స్టౌ దగ్గర వేపుడు కలుపుతున్నాడు. రుచి చూడన్నా అని ఒక ముక్క చేతిలో పెట్టాడు. నోట్లో వేసుకుని అటు తిరిగాను. కారు పక్కన ఏటీవీ ఉంది. సీటు మీద ఎర్ర టేపు.

"ఎలెన్స్‌బర్గ్‌లో తీసుకున్నావా?" అని అడిగాను.

"అవునన్నా. అన్నయ్య చూసిన రోజే ఫోన్ చేశాడు. ఇలాంటిది మళ్లీ దొరకదు, వెంటనే వెళ్లి తెచ్చుకో అన్నాడు. సీజన్‌లో ఇద్దరం వెళ్లాం. ఈ వేపుడు అప్పటి ఎల్కే. నీకు చెప్పలేదా?"

పాపం, అతనికేమీ తెలియదు. ముక్క బాగా ఉడికిందని చెప్పి మింగాను.

అన్నయ్య లోపల సోఫాలో ఉన్నాడు. మాట్లాడాలి రమ్మని బయట చెక్క డెక్ మీదికి తీసుకెళ్లాను.

"ఆ బండి బేరింగ్ బాగానే ఉంది కదా?"

"బాగానే ఉంది."

"మరి?"

"బండి దిగి నడవాల్సిన చోట్లు ఉంటాయి తమ్ముడూ. నువ్వు పడితే నిన్ను మోసుకురాలేను. నాకూ యాభై దాటాయి. మొహం మీద చెప్పలేకపోయా. బాధపడతావని."

"ఎప్పుడు అనుకున్నావు? ఆరో బండి దగ్గరా?"

ఆయన అబద్ధం చెప్పినా నమ్మడానికి సిద్ధంగా ఉన్నాను. చెప్పలేదు.

"నువ్వు అడిగిన రోజే" అన్నాడు.

రావద్దురా, నీతో నాకు కష్టం అని ఒక్క మాట అనుంటే రెండు రోజులు ఏడ్చి ఊరుకునేవాణ్ని. అలా కాకుండా ఆరు శనివారాలు నా కారులో, నా పక్కన కూర్చుని, ఆపైన మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర కూడా తింటూ, ఈసారి గుడారం ఎక్కడ వేద్దామో చెబుతూ వచ్చాడు. నమ్మించి గొంతు కోయడం అంటారే, అది పగవాడు చేసే పని అనుకునేవాణ్ని. బాధపెట్టకూడదనుకునే మనిషి కూడా చేయగలడని ఆ రోజు తెలిసింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ తర్వాత మాకు మాటల్లేవు. చలికాలం పోయాక ఒక్కణ్నే వెళ్లి, ఇంజన్ మీద నా చెయ్యే పెట్టి, చక్రాలు నేనే ఊపి ఒక బండి కొనుక్కున్నాను. మంచి బండే. మంచు కరిగాక కారు వెనక ట్రైలర్ మీదికి ఎక్కించి, మేం ఏటా గుడారం వేసుకునే లోయ వైపు బయలుదేరాను.

కొండ దారి మొదలయ్యే చోట కారులో ఒక కాగితం పెట్టి వెళ్లాలి. ఏ దారిన వెళ్తున్నాం, ఎప్పటికి వస్తాం, రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి. ముందు మా ఆవిడ నంబరు రాశాను. ఆవిడకి ఆ లోయ ఎక్కడుందో తెలియదు. వెతకడానికి వచ్చినవాళ్లకి ఏం చెబుతుంది? చాలాసేపు స్టీరింగ్ మీద కాగితం పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత ఆవిడ నంబరు కొట్టేసి, అన్నయ్య నంబరు రాశాను.