వదిన తయారుచేసిన కరెన్సీ కన్వర్టర్

అందరూ హిందీ మాట్లాడే గుఢియారీ పేటలో మా ఇంటికి రెండు సందుల అవతల ఒక కంప్యూటర్ సెంటర్ ఉండేది. కొత్తవాళ్ళకు వెబ్ పేజీలు నేర్పే ఉద్యోగానికి వదిన అక్కడ దరఖాస్తు పెట్టింది. శనివారం డెమో క్లాసు. అరగంటలో, ఏమీ రానివాళ్ళ ముందు, డాలర్లను రూపాయల్లోకి మార్చే చిన్న పేజీ తయారుచేసి చూపించాలి. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆమెకు వచ్చిన మొదటి పిలుపు అది.

ఆ పేజీలో ఏమేం ఉండాలో నేను పదకొండు అంశాల జాబితా రాసిచ్చాను. ఒకటి, అంకెలు కొట్టే పెట్టె. రెండు, బటన్. మూడు, మారకపు రేటు. తొమ్మిదోది నాకు బాగా నచ్చినది: అంకెలు కాక వేరేది కొడితే ఎర్రగా ‘తప్పు’ అని రావాలి.

శుక్రవారం రిహార్సల్‌కు విద్యార్థి నాన్న. రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన మనిషి. ఒక్కో మీటా వెతుక్కుని 5000/- అని కొట్టారు. ఎర్రగా ‘తప్పు’ వచ్చింది.

“ఏంట్రా తప్పు?”

“చివర ఆ గీతలొద్దు నాన్నా. అంకెలు చాలు.”

“గీతలు లేకపోతే ఎవడో పక్కన ఇంకో సున్నా చేరుస్తాడు. సర్వీసంతా అలాగే రాశాను.”

“ఇది రసీదు కాదు, కంప్యూటర్.”

“అయితే దానికే నేర్పు,” అని పేపరు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయారు.

నాకు నవ్వొచ్చింది. వదిన మాత్రం తెర వైపే చూస్తోంది. “మరిదిగారూ, మీ తొమ్మిదో నంబరు తీసేస్తున్నా. రేపొచ్చేవాళ్ళూ మావయ్యగారిలాగే రాస్తారు. మొదటిసారే తప్పంటే మళ్ళీ చెయ్యి పెడతారా?” కామాలు, గీతలు వదిలేసి అంకెలు మాత్రం తీసుకునేలా రెండు లైన్లు తనే రాసుకుంది.

శనివారం స్కూటర్ మీద దింపడానికి వెళ్ళి వెనక బెంచీలో ఉండిపోయాను. పేజీ తయారయ్యాక వదిన ముందు వరసలోని ఒకావిడను పిలిచింది. కుట్టుపని చేస్తుందట. మీటల మీద చెయ్యి ఆపి, “గలత్ హో గయా తో?” అంది, తప్పు పోతే ఎలా అన్నట్టు.

“తో ఫిర్ సే లిఖ్‌నా దీదీ. యే డాంటేగా నహీ.”

తప్పయితే మళ్ళీ రాయొచ్చని, ఇది తిట్టదని తెలిశాక ఆవిడ ఒక మొత్తం కొట్టింది, చెప్పకుండానే రెండోదీ కొట్టింది. వెనక వాళ్ళు లేచి వరస కట్టారు. అరగంట దాటింది. వదిన గడియారం చూడలేదు. సెంటర్ యజమాని చూసుకుని, “మేడమ్, బాకీ సోమ్‌వార్ కో పఢాయియేగా,” అన్నాడు.

సరేనని సంచీ సర్దుకుంది. మెట్లు సగం దిగాక రెయిలింగ్ పట్టుకుని ఆగింది.

“మిగతాది సోమవారం చెప్పమన్నాడు. అంటే ఉద్యోగం వచ్చినట్టేనా?”

“వచ్చినట్టే వదినా.”