వాపసొచ్చిన జాక్ స్టాండ్లు

ఏడేళ్ళ క్రితం ఒకామెకి చెడిపోయిన వస్తువు అమ్మాను. తెలిసే అమ్మాను. ఆ తర్వాత తప్పు ఆమెదేనని ఆమె మొహం మీదే చెప్పాను. మొదటిదాన్ని బద్ధకమనో నిర్లక్ష్యమనో ఏదో ఒక పేరు పెట్టి సర్దుకోవచ్చు. రెండోదానికి పేరు దొరక్క ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నాను. నా భార్యకి కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. మీ మీద గౌరవంతో కాదు. నాకు మనుషుల మీద పెద్దగా గౌరవం లేదు. అసలు ఇదంతా ఆ జబ్బు వల్ల జరిగిందే.

నేను అమెరికాలో, చికాగో దగ్గర నేపర్‌విల్ చుట్టుపక్కల టూల్ ట్రక్ నడుపుతాను. అంటే చక్రాల మీద కొట్టు. లోపల గోడల నిండా పానాలు, సాకెట్లు, జాకీలు. వారానికోసారి ఒక్కో గ్యారేజ్ ముందు ఆపితే మెకానిక్‌లు చేతులు తుడుచుకుంటూ ఎక్కి కావలసినవి కొనుక్కుంటారు. అంతకు ముందు షామ్‌బర్గ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాణ్ణి. లేఆఫ్‌లో పోయింది. గ్రీన్ కార్డ్ అప్పటికే చేతికొచ్చింది, నా భార్యకి హాస్పిటల్లో నర్సు ఉద్యోగం ఉంది, ఇంకో కంపెనీ గుమ్మం ఎక్కడానికి నాకు అహం అడ్డొచ్చింది. ఈ ట్రక్ తీసుకున్నాను. పార్టీల్లో పాత కొలీగ్స్ "ఏం బాస్, బిజినెస్‌మ్యాన్ అయిపోయావ్!" అని భుజం తట్టేవాళ్ళు. ఆ తట్టడంలో జాలి నాకు తెలిసేది. బానెట్ ఎటునుంచి ఎత్తాలో తెలియని వెధవలు నా మీద జాలిపడటమా? అప్పటినుంచే నాకు లోకం రెండు ముక్కలైంది. చేతులకి గ్రీజు అంటినవాళ్ళు ఒకవైపు, అంటనివాళ్ళు ఇంకోవైపు. నా చేతులకి మాత్రం ఏం అంటింది? నేను అమ్మేవాణ్ణి, అంతే. ఆ సంగతి మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

అంటనివాళ్ళలో నాకు మరీ ఒళ్ళు మండేది దారినపోయే గిరాకీ అంటే. మధ్యాహ్నం ఏ గ్యాస్ స్టేషన్ పక్కనో ట్రక్ ఆపుకుని అన్నం తింటుంటే తలుపు తెరిచి ఉంది కదా అని ఎక్కేస్తారు. మా వ్యాపారంలో వాళ్ళని వాక్-అప్‌లంటారు. ప్రతిదీ తీసి చూస్తారు, తప్పు గూట్లో పెడతారు. నా ఎదురుగానే ఫోన్ తీసి ఆన్‌లైన్‌లో ఎంతకొస్తుందో చూసుకుంటారు. మనవాళ్ళయితే "తెలుగువాళ్ళం, కాస్త చూసి ఇవ్వండి" అంటారు. ఒక వీడియో చూసి ఇంజిన్ విప్పేద్దామని వచ్చి చివరికి టార్చ్‌లైట్ కొనుక్కుని దిగిపోతారు. మళ్ళీ కనబడరు. మెకానిక్‌కి పనికిరానిది అంటగడితే వచ్చే వారం అదే గ్యారేజ్‌లో నన్ను నిలబెట్టి తిడతాడు. వీళ్ళు తిరిగి రారు. కాబట్టి వీళ్ళకి ఏది అమ్మినా ఒకటే అనే సూత్రం ఒకటి నాలో ఎప్పుడో స్థిరపడిపోయింది.

హైమ ఆ సూత్రానికి లొంగలేదు. ఆమె మళ్ళీ మళ్ళీ వచ్చింది.

కరీంనగర్ ఆమె. భర్త కిశోర్ ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని మీద సిటీకి రైల్లో వెళ్ళొచ్చేవాడు. ఆమెకున్నది భర్త వీసా మీద వచ్చిన వీసా, దాని మీద అప్పట్లో ఆమె ఉద్యోగం చేయకూడదు. వరంగల్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ చదివిందట. "క్లాస్‌ల మేం ముగ్గురమే ఆడపిల్లలం అన్నా," అని మొదటి రోజే చెప్పింది. నేను అడగలేదు. నన్ను అన్నా అనమని కూడా అడగలేదు. "పిల్ల స్కూల్‌కి పోయినంక చేతులు ఊకుంటలేవు," అని నవ్వి, సాకెట్ల సెట్టు ఒకటి కొనుక్కుంది. నెల తర్వాత వచ్చి బోల్టులు కొలత ప్రకారం బిగించే టార్క్ రెంచ్ తీసుకుంది. బేరమాడలేదు. తీసిన ప్రతి వస్తువునూ తీసినచోటే పెట్టింది. కాలేజీలో సాయంత్రం ఆటోమోటివ్ క్లాసుకి కూడా వెళుతోందని తెలిసింది. ఇంత పద్ధతైన మనిషిని చూసి ముచ్చటపడాలి కదా? నాకు చిరాకేసింది. ఆమెకి అడ్డమైన అనుమానాలు. వాటికి సగం జవాబులు నాకు తెలియవు.

నాలుగోసారో ఐదోసారో వచ్చినప్పుడు ట్రక్‌లో ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళలో ఒకడు తన కారు చక్రం బోల్టులు ఎంత బిగించాలని అడిగాడు. నేను ఒక అంకె చెప్పాను. "అంత కాదన్నా, మాదీ అదే కారు. అంత బిగిస్తే బోల్టు మరలు పోతయ్," అంది హైమ మెల్లగా, తెలుగులోనే, వాళ్ళకి అర్థం కాకూడదని. నా పరువు తీయకూడదనే తెలుగులో చెప్పింది. నాకది ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం చెవులు కాలిపోయాయి. వాళ్ళిద్దరూ దిగిపోయాక కూడా ఆ మంట తగ్గలేదు.

అప్పుడు అడిగింది. "జాక్ స్టాండ్స్ ఉన్నయా అన్నా? బ్రేకులు నేనే మార్చుకుందామని."

జాకీతో కారు పైకెత్తాక, అది అలాగే నిలబడటానికి కింద పెట్టే ఉక్కు స్టాండ్లవి. మనిషి వాటిని నమ్మే కారు కింద చెయ్యి పెడతాడు. నా దగ్గర కొత్తవి అయిపోయాయి. వచ్చే వారం వస్తాయి. కానీ ఒక మూల ఒక జత ఉంది. అంతకు రెండు రోజుల ముందు ఒక ముసలి మెకానిక్ వాపసిచ్చాడు. "ఒకదాని లాక్ పళ్ళు పోయాయి. బరువు పడితే జారుతోంది. కోసి పారెయ్, ఎవడైనా చస్తాడు," అన్నాడు. అతనికి వేరే జత ఇచ్చి, దీన్ని మూలకి తోశాను. కోయలేదు. పాడైందని చీటీ అయినా కట్టలేదు.

"లేకుంటే వచ్చే వారం రానా?" అంది హైమ. రండి అంటే సరిపోయేది. ఒక్క మాట. నేను వంగి ఆ జత బయటికి లాగి, గుడ్డతో తుడిచి, "ఇవి ఉన్నాయిగా," అన్నాను. ఆమె తిప్పి తిప్పి చూసింది. "ఎవరన్న వాపస్ ఇచ్చిన్రా?" అని అడిగింది. డిస్‌ప్లేకి పెట్టినవన్నాను. లాక్ వేసి రెండు చేతులతో గట్టిగా నొక్కి చూసింది. చేతులతో నొక్కితే జారదు. కారు బరువు పడాలి. అది నాకు తెలుసు.

ఏమనుకున్నాను ఆ క్షణంలో? ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. ఆమె చావాలని నేను అనుకోలేదు. దెబ్బ తగలాలని కూడా అనుకోలేదని నమ్ముతాను. కారు ఒక్క అంగుళం జారితే బెదిరిపోయి, ఇదంతా మనవల్ల కాదులే అని ఆ సామాన్లన్నీ అటకెక్కించి, నా ట్రక్ ఎక్కడం మానేస్తుందని అనుకున్నానేమో. అంత కూడా అనుకోలేదేమో. వాక్-అప్ కదా అనుకుని ఉంటాను. ఏది నిజమైనా నా బతుకు నీచమే. ఎంత నీచమన్నదే ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మూడు వారాల తర్వాత అదే గ్యాస్ స్టేషన్ దగ్గరికి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. హైమ కుడిచేతికి మణికట్టు దాకా కట్టు. ఉంగరం వేలూ చిటికెన వేలూ సగానికి పోయాయని ఆ కట్టు ఆకారం చూస్తేనే తెలుస్తోంది. కిశోర్ చేతిలో కిరాణా సంచి, దాంట్లో నా స్టాండు. తెల్లటి బూట్లు వేసుకుని, కింద నూనె మరకలు తొక్కకుండా చూసుకుంటూ ట్రక్ ఎక్కాడు.

"మీరన్న చెప్పున్రి అన్నా," అన్నాడు. "లాక్ సక్కగ ఎయ్యలేదని నేనంటున్న. ఏసిన అంటది. మీరు ఎక్స్‌పర్ట్ గదా."

"ఏసిన అన్నా," అంది హైమ నన్నే చూస్తూ. "కారును రెండుసార్లు ఊపి కూడ సూసిన. తీసిన చక్రం కారు కిందికి నూకినంకనే చెయ్యి పెట్టిన."

ఆ చక్రం మాట కిశోర్‌కి అర్థం కాలేదు, నాకైంది. స్టాండు ఒకవేళ జారినా కారు మొత్తం నేలకి తగలకుండా, విప్పిన చక్రాన్ని అడ్డంగా కిందికి తోస్తారు. ముప్పై ఏళ్ళు పనిచేసిన మెకానిక్‌లలోనే సగంమంది ఆ జాగ్రత్త తీసుకోరు. ఆమె తీసుకుంది. అందుకే చెయ్యి మొత్తం పోలేదు. అంత జాగ్రత్త ఉన్న మనిషి లాక్ మర్చిపోతుందా?

"లాక్ పడితే జారదండీ," అన్నాను. "పడిందనిపిస్తుంది. కొత్తలో అందరికీ జరిగేదే."

"టక్కుమని సప్పుడు ఇన్న అన్నా. నాకు మంచిగ యాదికుంది."

"అందరూ అలాగే అంటారండీ," అని నవ్వాను. అవును, నవ్వాను.

కిశోర్ కూడా నవ్వాడు. "ఇన్నవా? మొగోళ్ళ పనులు నీకెందుకంటే ఇంటవా!" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు, వట్టి మూర్ఖుడు. దెబ్బ తగిలినప్పటినుంచి ఆమెకి అన్నం కలిపి పెట్టింది అతనేనని తర్వాత తెలిసింది. నాలాంటివాడి పక్కన నిలబెడితే అతను దేవుడు.

హైమ తన కట్టు వైపు చూసుకుంది. తర్వాత, "అయితే ఏసిన అనుకున్ననేమో," అంది.

స్టాండు కంపెనీకి పంపి చెక్ చేయిస్తానని చెప్పి తీసుకున్నాను. అదే మధ్యాహ్నం తీసుకెళ్ళి పాత ఇనుము యార్డులో పారేశాను. ఆ ముసలాయన కోసి పారెయ్యమన్న పని అలా పూర్తిచేశాను.

కొన్నాళ్ళకి ఆమె ఒక్కతే వచ్చింది, తన టూల్స్ అన్నీ వెనక్కి తీసుకుంటారా అని. పెట్టె తెరిస్తే ప్రతి సాకెట్ కిందా తెల్లటి టేపు మీద గుండ్రటి తెలుగు అంకెల్లో కొలతలు రాసి ఉన్నాయి. ఒక్కదాని మీద కూడా తుప్పు లేదు. ఎడమచేత్తో పెట్టె నా వైపు జరిపి, "మంచిగ సూసుకునేటోళ్ళకి ఇయ్యండి," అంది. ఆ టేపులన్నీ గోటితో గీకి తీసేసి ఆ పెట్టెని అమ్మేశాను. ఎవరికి అమ్మానో గుర్తు లేదు.

ఇన్నేళ్ళూ ఎలా ఉన్నానని అడుగుతారేమో. బాగానే ఉన్నాను. తిన్నాను, నిద్రపోయాను, కొత్త ట్రక్ కొన్నాను. పాపం చేసినవాడు కుమిలిపోతాడని ఎవరు చెప్పారో కానీ, నేను కుమిలిపోలేదు. వాక్-అప్‌లని ఇంకాస్త ఎక్కువగా అసహ్యించుకున్నాను, అంతే.

పోయిన నెల షామ్‌బర్గ్‌లో ఒక బర్త్‌డే పార్టీకి వెళ్ళాం. హైమ వాళ్ళూ వచ్చారు. హైమకి ఇప్పుడు ఉద్యోగం చేసే అనుమతి వచ్చింది, ఏదో ఇన్సూరెన్స్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే పని. కూతురికి పదహారేళ్ళు, డ్రైవింగ్ నేర్చుకుంటోంది. ఆ పిల్ల ప్లేటు పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "అంకుల్, యూ హావ్ ద టూల్ ట్రక్, రైట్? నాకు టైర్ చేంజ్ చేయడం నేర్పిస్తారా?" అంది.

నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి హైమ గొంతు వినిపించింది. "వద్దు బిడ్డా. మన చేతులకు పట్టే పని గాదది. నన్ను సూసినవ్ గదా, లాక్ ఎయ్యుడే మర్చిపోయిన." ఆ మాట అని, సగం వేళ్ళ చెయ్యి ఎత్తి చూపించి తనే నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. ఎన్నోసార్లు విన్న జోక్ కాబోలు.

ఏసిన అంది మొదట. తర్వాత ఏసిన అనుకున్ననేమో అంది. ఇప్పుడు మర్చిపోయిన అంటోంది. తన కళ్ళతో చూసినదాన్ని, తన చెవులతో విన్నదాన్ని ఆమె దగ్గరనుంచి లాక్కున్నాను. వేళ్ళు పోగొట్టింది ఆ ఇనుము అని ఎలాగో తప్పించుకోవచ్చు. ఇది మాత్రం అచ్చంగా నేను చేసిన పని. ఇప్పుడది కూతురి దాకా పాకింది. ఆ పిల్ల "ఓకే" అని భుజాలెగరేసి కేక్ దగ్గరికి వెళ్ళిపోయింది.  నా భార్య నీళ్ళు కావాలా అంటే కావాలన్నాను.

ఆ తర్వాత హైమకి ఉత్తరం రాశాను. మొదటిసారి నాలుగు పేజీలొచ్చింది. లేఆఫ్ గురించి, జాలి గురించి, మీకు ఇప్పటిదాకా చెప్పిన సోదంతా. చదువుకుంటే నాకే అసహ్యమేసింది. నా బాధలు ఆమెకెందుకు? చించేశాను. చివరికి మిగిలింది ఇంతే: "ఆ స్టాండు పాడైపోయిందని నాకు ముందే తెలుసు. తెలిసే మీకు అమ్మాను. మీరు లాక్ వేశారు. ఎవరడిగినా, ఎక్కడైనా ఇదే చెబుతాను." కింద నా పేరు, ఫోన్ నంబరు. క్షమించమని రాయలేదు. అది అడిగితే ఆమె మీద ఇంకో పని పెట్టినట్టే. కవరు మీద ఆమె పేరు ఒక్కటే రాశాను, భర్త పేరు రాయలేదు.

ఆ కవరు ఈ ఉదయం పోస్టులో వేశాను. ఆమె లాయర్ దగ్గరికి వెళ్ళవచ్చు. నా ట్రక్ పోవచ్చు. కిశోర్ వచ్చి చెంప పగలగొట్టవచ్చు, లేదా ఎవరూ రాకపోవచ్చు, అదే అన్నింటికన్నా భరించలేనిదేమో. నా భార్యకి సాయంత్రం చెప్పాలి. ఆమె మొహం ఎలా మారుతుందో నాకు తెలుసు.

ఇంకొక్క సంగతి కూడా దాచకుండా చెప్పాలి. పోస్టు డబ్బా మూత పడ్డాక ట్రక్‌లోకి వచ్చి కూర్చున్నాను. ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. ఆకలేసింది. నా భార్య కట్టిచ్చిన దొండకాయ కూరా అన్నం డబ్బా తెరిచి, పదకొండయినా కాకముందే, అంతా ఊడ్చుకుని తిన్నాను. ఇన్నేళ్ళలో అంత రుచిగా తినలేదు. ఎంత సిగ్గుమాలినవాణ్ణో చూడండి.