తేదీ మార్చాలా?

మా రత్నావతి పిన్నికి యాభై రెండేళ్లు. మలేషియాలోని పోర్ట్ క్లాంగ్ రేవులో ఒక గోదాముకి సూపర్వైజరు. ఫోర్క్‌లిఫ్ట్ తోలే మగాళ్లు ఆవిడ ఈల వింటే బండి ఆపేస్తారు. నేను కాలేజీ మానేసి ఇంట్లో పడుంటే, ఊరికే ఎందుకని నాకు తెలుగు చదవడం నేర్పింది కూడా ఆవిడే. ఆవిడకున్న కోరిక ఒక్కటే: క్లాంగ్‌లోని మా తెలుగు మిత్రమండలికి అధ్యక్షురాలు కావాలి.

అడ్డు మార్చి నెల. అసలు ఎన్నికకు ముందు, అభ్యర్థులను తేల్చే తొలి ఎన్నిక ఒకటి మార్చిలో జరుగుతుంది. నిలబడేవాళ్లు స్వయంగా రావాలి. గోదాములో సరుకంతా తనిఖీ చేసేదీ మార్చిలోనే. ఆదివారం కూడా సెలవివ్వరు. అందుకే పద్నాలుగేళ్లుగా వెంకటసామి మామయ్య పోటీ లేని అధ్యక్షుడు. పనిమంతుడని కాదు, మార్చిలో ఖాళీగా ఉంటాడు, అంతే.

ఈ ఏడాది పిన్ని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పట్టింది. తొలి ఎన్నికను మార్చి నుంచి జూన్‌కు జరపాలా వద్దా అని సభ్యులందరి ఓటూ పెట్టించింది. ఓటు కాగితం ఇంగ్లీషులో ఉంటే చాలన్నాడు మామయ్య.

“తెలుగోళ్ల ఓటుకి ఇంగ్లీసు ఏటి మామయ్యా, సిగ్గు లేదా?” అంది పిన్ని.

చాలామందికి మన అక్షరాలు రావు కాబట్టి, ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు మాట అచ్చు వేయించింది: ‘తేదీ మార్చాలా?’ కింద ఎస్, నో.

ఓట్లన్నీ పెట్టెలో పడ్డాక, వడలు తింటూ ఆవిడ కొడుకు శరవణ్ అన్నాడు: “అమ్మా, భయం వద్దు లా. మా గ్యాంగంతా నో ఏసినాము.”

“నో ఎందుకురా?”

“మార్చ్ వద్దనే కదా నువ్వు తిరిగినావు. అక్కడ అడిగింది అదే. మార్చా, లా?”

మేం మలాయ్ వాళ్లలాగే మాట చివర ‘లా’ తగిలిస్తాం. పిన్ని వడ నమలడం ఆపేసింది.

“పద్నాలుగేళ్లు ఆగినాను. నా తెలుగుతో నానే సెడగొట్టుకున్నాను,” అంది.

లెక్క తేలింది. ఎస్ యాభై ఎనిమిది, నో నలభై ఒకటి.

పిన్నికి మొదట అర్థం కాలేదు. మామయ్య లేచాక అయింది.

“ఇది సెల్లదు. మావోళ్లందరూ మార్చే కావాలని ఎస్ ఏసినారు,” అన్నాడు.

పిన్ని మైకు అందుకుంది. “మంచిది మామయ్యా, మళ్లీ పెడదాం. తెలుగు తెలీక ఓటేసినోళ్లు సేతులెత్తండి. పేర్లు మినిట్స్‌లో రాసుకుంటాను.”

తెలుగు మిత్రమండలిలో తెలుగు రాదని పేరు రాయించుకునేదెవరు? మామయ్య చెయ్యి సగం లేచి, దారి తప్పి, బట్టతల గోక్కుంది. శరవణ్ నిజాయితీగా ఎత్తబోయాడు గానీ తల్లి చూపుకే దించేశాడు.

తేదీ జూన్‌కు మారింది. పిన్ని అక్కడికక్కడే నామినేషన్ ఫారం అడిగింది. ఫారాలుండేది అధ్యక్షుడి దగ్గరే. ఆయనే తీసి ఇచ్చాడు.

“ఇంగ్లీసులో నింపాలా, తెలుగులోనా మామయ్యా?”

“నీ ఇష్టం లా,” అన్నాడు ఆయన.