దొరకని సూది మొన

రాయదుర్గంలో జీన్స్ కుట్టే ఒక షెడ్డులో హనుమంతమ్మ పదకొండేళ్లుగా చెకింగ్ పని చేస్తోంది. పొద్దున్నే గుమ్మఘట్టలో బస్సెక్కుతుంది. ఆమె రావడం ఆలస్యమైతే కండక్టరు ఓ నిమిషం బస్సు ఆపిస్తాడు. దిగేటప్పుడు ఆమె "సామి నిన్ను సల్లగా చూడాల నాయనా" అని గాని దిగదు.

ప్యాంటు తిరగేసి వేళ్లతో తడిమితే చాలు, కుట్టు ఎక్కడ తప్పిందో ఆమెకు తెలిసిపోతుంది. సరుకు లారీ ఎక్కే ముందు, బెంగళూరులో కొనే మేడమ్‌కు వాట్సాప్‌లో ఆమె గొంతు వెళ్లాలి: "అన్నీ నేను చూసినాను మేడమ్, బాగుండాయి." ఆ మాట వినందే మేడమ్ సరుకు దింపుకోదు.

షెడ్డులో ఒక కట్టడి ఉంది. మిషను సూది విరిగితే, బట్టలో ముక్క ఉండిపోకుండా ముక్కలన్నీ ఏరి, కాగితం మీద వరసగా టేపుతో అంటించాలి. సూది పూర్తిగా కనబడితేనే కొత్తది ఇస్తారు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం హనుమంతమ్మ అన్నం గిన్నె కడుక్కుంటూ ఉంటే టైలరు ఆరీఫా వచ్చి పక్కన నిలబడింది. అరచేతిలో రెండు ముక్కలున్నాయి. మొన లేదు.

"పొద్దున ఇరిగిందక్కా. ఎంత ఎతికినా మొన కనపడల్యా. నా కాడ పాత సూది ఉంటే ఏసుకోని కుడతాండా."

"పొద్దున్నించీ నోరు కుట్టుకోనుంటివా తల్లీ?"

"ఈ నెలలో ఇది మూడోది. ఓనరన్న తిడతాడని భయమేసింది."

ఆరోజు కుట్టేవి మూడేళ్ల పిల్లల ప్యాంట్లు. ఆరీఫా కుట్టినవి అప్పటికే నాలుగు వందల ప్యాంట్లలో కలిసిపోయాయి. జిప్పులు ఇనుపవి కాబట్టి అయస్కాంతం పెట్టినా లాభం లేదు.

హనుమంతమ్మ వెళ్లి యజమాని చంద్రమోహన్‌కు సంగతి చెప్పింది. చెడ్డవాడు కాదాయన. నిరుడు ఆమె పెనిమిటికి ఆపరేషనైతే తన కారులోనే అనంతపురం తీసుకుపోయినాడు. అందుకే ఆయన మాట కాదనడం కష్టం. ఆయన కొత్త సూది ఒకటి తీసి పటుక్కున విరిచి, దాని మొనను ఆరీఫా తెచ్చిన ముక్కల పక్కన కాగితం మీద అంటించాడు.

"అయిపాయె. మెసేజ్ పంపమ్మా. లారీ వచ్చి నిలబడుకోనుండాది."

"నిజం మొన యాడుండాదో అన్నా?"

"ఊడ్చిన కసువులో పోయుంటాది."

"పోకుంటే?"

"ఈ ఆర్డరు పోతే ముప్పై మంది ఇంట్లో కూర్చోవాల్సిందే. అది సూడు ముందు."

హనుమంతమ్మ ఫోను తీసింది. రెండుసార్లు మాట్లాడి చెరిపేసింది. కసాపురం ఆంజనేయస్వామిని తలుచుకుంది. ముప్పై మంది ముఖాలూ కళ్ల ముందు తిరిగాయి. మూడోసారి ఆపకుండా చెప్పింది: "మేడమ్, హనుమంతమ్మను. ఒగ సూది మొన దొరకల్యా. ఏ ప్యాంటులో ఉండాదో తెలీదు. అన్నీ తడిమి సూసినాకే పంపిస్తాం. ఈపొద్దు లారీ రాదు."

"ఎంత పని చేస్తివమ్మా! నన్నొక మాట అడగొద్దా?" అన్నాడు చంద్రమోహన్.

"అడిగితే వద్దంటావు గదన్నా."

మిషన్ల వరసలో ఎవరో కిసుక్కున నవ్వి, మళ్లీ నోరు మూసుకున్నారు.

మేడమ్ విన్నట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. లారీ ఖాళీగా వెళ్లిపోయింది. ఎవరూ చెప్పకుండానే మిషన్లు ఆగాయి. అందరూ నేల మీద కూర్చుని ప్యాంట్లు తిరగేయసాగారు. ఏడుస్తున్న ఆరీఫా పక్కన ఎవరో టీ గ్లాసు పెట్టి పోయారు. కాసేపటికి చంద్రమోహన్ కూడా చొక్కా చేతులు మడిచి ఒక కట్ట ముందుకు లాక్కున్నాడు.

పొద్దు వాలే వేళకు హనుమంతమ్మ బొటనవేలికి చురుక్కుమంది. నడుము పట్టీ మడతలో, చిన్నబిడ్డ పొట్టకు ఒరుసుకునే చోటే ఉంది మొన. దాన్ని మెల్లగా బయటికి లాగి చంద్రమోహన్ అరచేతిలో పెట్టింది.

ఆయన తాను అంటించిన కాగితం చించేసి, మూడు నిజమైన ముక్కలూ కొత్త కాగితం మీద అంటించి మేడమ్‌కు ఫొటో పంపాడు. ఈసారి జవాబు వెంటనే వచ్చింది: "సోమవారం నేనే వస్తాను."

మెచ్చుకోవడానికో, ఆర్డరు తీసేయడానికో ఎవరికీ తెలియలేదు.

"సోమవారం నా పక్కనే నిలబడమ్మా," అన్నాడు చంద్రమోహన్. "ఆయమ్మతో మాట్లాడాలంటే నాకు కాళ్లు వణుకుతాయి."

"నాకూ వణుకుతాయన్నా," అంది హనుమంతమ్మ. "అయినా నిలబడతాలే."