కుడిచేతికి మార్చిన పాట

గల్ఫ్‌లో వరల్డ్ కప్ స్టేడియం పనికి మా క్యాంపు నుంచి గంటసేపు బస్సు ప్రయాణం. బడి ఏడో తరగతిలోనే మానేసినా, పాట కట్టడంలో ఆ బస్సులో నన్ను మించినవాడు లేడు. నేను పాడితే నలభై మంది వంత పాడేవారు.

అందరూ మళ్ళీ మళ్ళీ అడిగేది ఒకటే పాట. ఎడమచేత్తో బీడీలు చుట్టే పిల్ల, గల్ఫ్ పోయిన ప్రియుడి కోసం ఎదురుచూసే పాట. ఆ ప్రియుణ్ణి నేనే. ఆమెకు ఎప్పుడో పెళ్ళయింది, ఎదురుచూపు మాత్రం నా కల్పన. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఒక పొద్దున కొత్తగా చేరినవాడు పాట విని, నా పక్కకొచ్చి కూర్చున్నాడు.

"అన్నా, ఎడమచేత్తో చుట్టేది మా ఊళ్లె ఒక్కతే. మా పక్కింటి వదినె. ఎవలి కోసం ఎదురుసూస్తలేదు, మంచిగున్నది. వీళ్లు ఈ పాటను ఫోన్ల ఎక్కించి ఊరికి పంపితే ఆమెకు మాటొస్తది."

ఆ రోజు పనిలో ఉన్నంతసేపూ పాటను మళ్ళీ కట్టుకున్నాను.

సాయంత్రం బస్సులో పాట మార్చేశాను. పిల్ల కుడిచేత్తో చుట్టింది, పెళ్ళి చేసుకుని హాయిగా ఉంది. ఎదురుచూసేవాడు పిల్లగాడే.

"ఏం మామా, పిల్లను మార్చినవా?" అని వెనక సీట్లోంచి ఒకడు అరిచాడు.

"లేదురా, ఏడ్సుడు డ్యూటీ పిల్లగానికి ఏసిన! యల్లా, కానియ్యుండ్రి, ఇగ రికార్డు చేసుకోండ్రి" అన్నాను.