ఎవరండీ ప్లీడరుగారు

ఆ ఊరి ప్లీడరుగారికి ఎవరూ గుర్తుండరు. ఆయన ఎదురుగా గంటసేపు కూర్చుని కష్టమంతా చెప్పుకున్న మనిషి మర్నాడు బజార్లో నమస్కారం పెడితే, కళ్ళజోడు పైకి తోసుకుని ఎంతో ఆప్యాయంగా, "ఎవరండీ తమరు?" అంటారు. గట్టు తగాదా, వీలునామా, విడాకులు, పక్కింటి మేక మేసేసిన కాబేజీ మొక్కలు... చుట్టుపక్కల ఏ తంటా వచ్చినా ఆయనొక్కరే దిక్కు. అందుకని ఊరంతా ఆయనకు క్లయింట్లే. ఊరంతా ఆయనకు కొత్తవాళ్ళే.

ఒకసారి మంగలి షాపులో పక్క కుర్చీలో సొంత బావమరిది కూర్చున్నాడు.

"బావా, బాగున్నావా?"

"బాగానే ఉన్నానండీ. తమరెవరు?"

"నేను బావా! మా అక్కనే కదా నువ్వు చేసుకున్నావు!"

"అలాగా, చాలా సంతోషం. ఏ ఊరు మనది?"

మంగలి నవ్వాపుకోలేక కత్తి పక్కన పెట్టేశాడట. ఆనాటినుంచీ ఆయన పేరు 'ఎవరండీ ప్లీడరు'గా స్థిరపడిపోయింది.

పట్నంలో లా చదివి ఆయన దగ్గర చేరిన జూనియరమ్మాయికి మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత జాలేసింది. ఇలా అయితే ప్రాక్టీసు ఎలా నడుస్తుందని ఒకరోజు ఆయన భార్యనే అడిగింది.

"ఏమో తల్లీ, భోజనం వేళకి ఇల్లు మాత్రం బాగానే గుర్తుంటుంది" అందావిడ నిమ్మళంగా.

జూనియరు ఒక నిర్ణయానికొచ్చింది. ఆయన మరిచిపోయిన వాళ్ళందరినీ తను గుర్తుపెట్టుకుని పలకరించాలి. పెద్దాయన పరువు కాపాడాలి.

ఆ అవకాశం బేకరీ దగ్గర వచ్చింది. సాయంత్రం ఇద్దరూ వెళ్ళేసరికి వరసలో టైలరమ్మ నిలబడి ఉంది. జాకెట్టు కొలతల వంకతో ప్లీడరుగారి పెరటి గుమ్మంలోంచి వచ్చి, చేతుల మీద కమిలిన మచ్చలు చూపించి, కలప డిపో నడిపే మొగుడు తననీ పిల్లనీ ఇంట్లోంచి గెంటేస్తానంటున్నాడని చెప్పుకున్న మనిషి ఆవిడ.

"మీ అఫిడవిట్ టైపయిపోయిందండీ! రేపొచ్చి సంతకం పెట్టేయండి" అంది జూనియరు హుషారుగా.

టైలరమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆవిడ వెనకే రొట్టె పొట్లంతో ఆవిడ మరిది ఉన్నాడు.

ప్లీడరుగారు ముందుకొచ్చి జూనియరు కాలు తొక్కారు. "ఎవరమ్మా ఈవిడ?"

"అదేంటి సార్, మన..."

ఈసారి మడమతో తొక్కారు. "ఇంతకీ ఎవరనుకుని ఎవరితో మాట్లాడుతున్నావు? నా జబ్బు నీకూ అంటుకుందా ఏమిటి కొంపదీసి?"

బేకరీ అంతా గొల్లుమంది. మరిది కూడా నవ్వాడు కానీ, ఆ నవ్వు పెదాలు దాటలేదు. పొట్లం చంకలో పెట్టుకుని డిపో వైపు నడిచాడు.

ప్లీడరుగారు ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్ళారు. భార్యతో గుమ్మంలోనే ఏదో అన్నారు. ఆవిడ ఎందుకని అడగలేదు. కాళ్ళకు చెప్పులేసుకుని బయల్దేరి, టైలరమ్మనీ పిల్లనీ వాళ్ళక్క ఊరి బస్సెక్కించి మరీ వచ్చింది.

చీకటి పడకముందే టైలరమ్మ మొగుడు, ఆ డిపో ఆయన, ప్లీడరుగారి ఆఫీసు గదిలోకి వచ్చి నిలబడ్డాడు. "నా పెళ్ళాం మీ దగ్గరికొచ్చిందా?"

"నీకు పెళ్ళయిందా!"

"నా పెళ్ళికి మీరొచ్చారు ప్లీడరుగారూ. రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు."

"అలాగా? వంటలు బాగున్నాయా?"

బల్ల గుద్దడానికి ఎత్తిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక కిందికి దిగింది. అతను కుర్చీ లాక్కున్నాడు. "సరే. అది కేసు గనక వేస్తే నా తరఫున మీరే నిలబడాలి."

జూనియరుకి చదువుకున్న రూలు గుర్తొచ్చింది. ఒక పక్షం మాట విన్నాక రెండో పక్షం తరఫున నిలబడకూడదు. కుదరదంటే ఎందుకు కుదరదో చెప్పాలి. చెబితే టైలరమ్మ గుట్టు బయటపడుతుంది. పట్నంలోనైతే వీధికి పదిమంది ప్లీడర్లు. ఇక్కడ ఈయనొక్కరే.

"నీ కేసు నేను పట్టుకోలేను నాయనా" అన్నారు ప్లీడరుగారు దిగులుగా. "జడ్జిగారి ముందు నిలబడి, నీ పేరేమిటని నిన్నే అడిగాననుకో, నీ పరువేం కావాలి? పట్నంలో ఇంకొకర్ని చూసుకో."

"అది కాదండీ, అసలు జరిగిందేంటంటే..."

"ఆగాగు! నాలాంటివాడికి చెప్పి నోరు నొప్పి పెట్టుకోవడం ఎందుకు?"

"మతిలేని ముసలాడు" అని గొణుక్కుంటూ డిపో ఆయన మెట్లు దిగిపోయాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. జూనియరు కళ్ళు తుడుచుకుంది. "మీకు అందరూ గుర్తున్నారు."

"గుర్తుండకేం?"

"అయితే అబద్ధాలు చెప్పారు కదా సార్."

"ఎక్కడమ్మా? అన్నీ ప్రశ్నలే అడిగాను." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ప్లీడరు ఒకరిని నవ్వుతూ పలకరించాడంటే చాలు, సాయంత్రానికల్లా వాళ్ళింట్లో కేసుందని ఊరంతా చెప్పుకుంటారు. అలాగని ఒకళ్ళిద్దర్నే మరిచిపోతే, ఆ మరిచిపోయినవాళ్ళే నా క్లయింట్లని పట్టేస్తారు. అందుకే అందర్నీ మరిచిపోయాను."

"బావమరిదిని కూడానా?"

"అతను నా దగ్గరికి వచ్చి ఉండొచ్చు, రాకపోయీ ఉండొచ్చు" అన్నారాయన.

మర్నాడు పొద్దున్నే జూనియరు తనే ఆ అక్క ఊరికి వెళ్ళి టైలరమ్మను కోర్టుకు తీసుకొచ్చింది. బంట్రోతు వరండాలోకి వచ్చి ఆవిడ పేరు గట్టిగా కేకేశాడు. ఆ కేకతో గుట్టుకు కాలం చెల్లింది. ఆవిడా పిల్లా ఇల్లు వదలనక్కర్లేదనీ, మొగుడు ఆ గడప తొక్కకూడదనీ జడ్జిగారు ఆర్డరిచ్చారు. డిపో ఆయన పట్నం ప్లీడర్ని పెట్టుకున్నాడు. కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ వారంలోనే బజార్లో టైలరమ్మ ఎదురైంది. ప్లీడరుగారు వీధికి అడ్డంపడి మరీ వెళ్ళారు.

"ఏమ్మా, పిల్ల దగ్గు తగ్గిందా? రాత్రిళ్ళు పడుకుంటోందా? మిషను బెల్టు జారుతోందన్నావు, మార్చావా? మీ అక్కకి మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయి? వాళ్ళ పెద్దబ్బాయి లెక్కల్లో పాసయ్యాడా?"

కొట్లలోంచి తలలు బయటికొచ్చాయి. జూనియరు ఆయన మొహం కేసే చూస్తూ ఉండిపోయింది. మనుషులంటే, కబుర్లంటే ఇంత ఇష్టమున్న మనిషి ఇన్నేళ్ళుగా ఈ వీధిలో ఎవరూ తెలియనివాడిలా ఎలా నడిచాడా అనుకుంది.

టైలరమ్మ ఒక్కోదానికీ జవాబు చెప్పి, చేతిసంచీ ఈ భుజం మీదినుంచి ఆ భుజానికి మార్చుకుంది. "వస్తానండీ. పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను."

"అయ్యయ్యో, పొంగిపోవూ! పద పద" అంటూ ఆయన కూడా ఆవిడ పక్కనే నడవడం మొదలుపెట్టారు. "ఇంతకీ మీ అక్కావాళ్ళ ఇంటి కప్పు సంగతేమైంది?"