మగ్గం ఆడినంతసేపే పాడిన చెల్లెలు

దయ్యం కథలు చెప్పేవాళ్లను ఆటపట్టించడం నాకు అలవాటు. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. కానీ ఎనభైల చివర, మహారాష్ట్రలోని సోలాపూర్‌లో, తెలుగు నేతవాళ్లుండే దాజీ పేట్‌లో, మా ఇంట్లో జరిగింది మాత్రం ఈనాటికీ మింగుడుపడలేదు.

మా చెల్లెలు సుజాతకు పుట్టుకతోనే మాట రాదు. చెవులు మాత్రం బాగానే వినిపించేవి. బడి ముఖం చూడలేదు, అమ్మ పక్కన కూర్చుని బీడీలు చుట్టేది. ఆ పిల్ల నోట ఒక్కసారి "అమ్మ" అనిపించుకోవాలని అమ్మ మొక్కని దేవుడు లేడు.

నాన్న జకార్డు మగ్గాలకు అట్టలు కొట్టేవాడు. నక్షా, అంటే డిజైను కాగితం, చూసి అట్టలకు రంధ్రాలు పొడిస్తే, వాటి ప్రకారమే చద్దరు మీద పువ్వు పడుతుంది. మా గోడకు అవతలే సేటు మగ్గాల షెడ్డు. నేను అక్కడ నేసేవాణ్ణి.

ఒకసారి చద్దర్లు చుట్టడానికి తెచ్చిన చిత్తు కాగితాల్లో ఓ పాత పుస్తకం వచ్చింది. పేజీ నిండా ఐదేసి గీతలు, వాటి మీద నల్ల చుక్కలు, తెల్ల చుక్కలు, కింద ఇంగ్లీషులాంటి అక్షరాలు. నాన్న మురిసిపోయాడు.

"ఏదో ఫారిన్ మిల్లు నక్షా రా ఇది. ఎంత సాఫ్‌గ గీసిండ్రో చూడు."

ఒక పేజీలోని గీతలు, చుక్కలు ఉన్నవున్నట్టు చద్దరు అంచుకు ఎక్కించాడు. చుక్కలు లేనిచోట ఖాళీ వదిలాడు. అక్షరాల జోలికి పోలేదు.

ఆ అట్టలతో మగ్గం ఆడించగానే గోడ అవతల ఎవరో పాడటం మొదలైంది. వెంటనే అమ్మ కేక. మగ్గం ఆపి పరుగెత్తాను. అప్పటికి పాట ఆగిపోయింది. అమ్మ సుజాత గడ్డం పట్టుకుని ఏడుస్తోంది. పాడింది సుజాతే.

పోగు తెగి మగ్గం ఆగితే మాట మధ్యలోనే ఆగిపోయేది. అట్టలు తిరిగి మొదటికొస్తే పాటా మొదటికొచ్చేది. అంచులో ఖాళీ వచ్చినప్పుడు నోరు మూసుకుని, తల కాస్త వంచి, ఇంకెవరి పాటో వింటున్నట్టు కూర్చునేది. ఆ మాటలు తెలుగు కావు, మరాఠీ కావు.

చద్దరు కొనడానికి వచ్చిన ఓ చర్చి టీచరమ్మ ఆ పాట విని గుమ్మంలోనే నిలబడిపోయింది. పుస్తకం చూపించాం. ఆ చుక్కలు స్వరాల గుర్తులట. అది లాటిన్‌లో, చర్చిలో నాలుగు రకాల గొంతులు కలిసి పాడే పాటట. పుస్తకంలో ఉన్నది ఒక్క గొంతు భాగమే, మిగతావి పాడేటప్పుడు అది ఆగాలట. సుజాత పలికే మాటలు ఆ పేజీలో చుక్కల కింద ఉన్నవేనని చెప్పింది. మేం నేసింది చుక్కలనే. మాటలు అట్టల్లో లేనే లేవు.

మొదట పేటంతా చక్కెర పంచిన అమ్మకు రానురాను ఆ పాటంటే కంటగింపైంది. పాట ఆగిన ప్రతిసారీ ముఖం దగ్గర ముఖం పెట్టి, "అమ్మ అను బిడ్డా, ఒక్కపారి" అనేది. ఖాళీ అయిపోయేది, మళ్లీ లాటినే.

ఒకరోజు నేను ఇంట్లో ఉండగా, అవతల వేరే మనిషి నేస్తుండగా, అమ్మ ఓపిక చచ్చిపోయింది.

"ఎవలికోసమో పాడుతవు. నన్ను పిలువనీకి నీకేం రోగమే?"

చెంప మీద కొట్టింది. సుజాత పెదవి చిట్లింది. కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నా, నెత్తురు గడ్డం దాకా వచ్చినా, ఆ పిల్ల పాట ఆగలేదు. మగ్గం ఆడుతూనే ఉంది మరి. నేను వెళ్లి ఆపించాను.

తర్వాత సేటు ఆ చద్దర్లు అమ్ముడుపోవడం లేదని అట్టలు దించేయమన్నాడు. అమ్మ వెళ్లి సేటు కాళ్ల మీద పడింది. "నీ బిడ్డ పాట కోసం మాల్ నేయాల్నా?" అని నవ్వి, అట్టలను నీళ్ల పొయ్యిలో పెట్టించాడు.

నాన్న అదే పేజీ చూసి మళ్లీ అట్టలు కొట్టాడు. బతిమాలి ఒక మగ్గం మీద ఎక్కించాం. అంచు అచ్చం అలాగే పడింది. సుజాత నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతు పట్టుకుని మళ్లీ మళ్లీ తెరిచింది.

అమ్మ ఆమె ముందు చేతులు జోడించింది.

"అమ్మ అనకున్నా మంచిదే బిడ్డా. గా పాటనన్న పాడు."

అది ఎలా వచ్చిందో, ఎందుకు పోయిందో నాకు తెలియదు. ఇచ్చింది ఎవరైనా సరే, ఇవ్వకుండా ఉండాల్సింది.